బాణం కదిలితే తీగ పీకిన షావుకారు

2023 వానాకాలం. నరసరావుపేటలో ఎరువులు, విత్తనాలు టోకున అమ్మే వెంకటసుబ్బయ్యగారి దుకాణం. ఊళ్లో కంప్యూటర్లు, నెట్‌వర్కులు చూసే పనిలో నాకు చాలా ఏళ్లు గడిచాయి. మొండి మెషిన్లను ఎన్నో చూశాను గానీ, ఆ దుకాణం విసిగించినంతగా నన్ను ఏదీ విసిగించలేదు.

అక్కడ లెక్కలు చూసే రమాదేవిది నకరికల్లు. స్కూటీ మీదనుంచి పడి కాలు విరిగింది. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. చూస్తే సీజన్ మొదలైంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరేమో దుకాణంలో ఉంది. ఇంటినుంచే పని చేస్తానని ఆమె బతిమాలింది. ఆ వారంలో కుదరకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని చెప్పి షావుకారు నన్ను పిలిపించాడు.

నేను పెట్టింది రిమోట్ గేట్‌వే. అంటే దుకాణంలో ఒక చిన్న వెబ్ సర్వర్. ఆమె ఇంట్లో ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి, నేనిచ్చిన అడ్రస్ కొట్టి, పాస్‌వర్డ్, ఫోన్‌లో కనిపించే కోడ్ ఇస్తే దుకాణం కంప్యూటర్ తెర అక్కడ ప్రత్యక్షమవుతుంది. మౌస్‌ను అక్కడ కదిపితే ఇక్కడ బాణం కదులుతుంది.

పరీక్షించినప్పుడు చక్కగా పనిచేసింది. మర్నాడు పొద్దున్నే రమాదేవి ఫోన్ చేసి లైన్ తెగిపోయిందంది. వెళ్లి చూస్తే అన్నీ సవ్యంగానే ఉన్నాయి. తిరిగొచ్చి బండి స్టాండ్ వేసేలోపు మళ్లీ ఫోన్. కేబుల్ మార్చాను, రూటర్ మార్చాను, నెట్ ఇచ్చేవాళ్లతో తగువుపడ్డాను. సర్వర్ తనంతట రాసుకునే లాగ్స్ చూస్తే, ప్రతిసారీ ఆమె లోపలికొచ్చిన కాసేపటికే దుకాణంలో నెట్ మొత్తం పోతోంది.

"అన్నా, ఈ పని పోతే కాలిరిగినదాన్ని నన్నెవరు పెట్టుకుంటారు?" అందామె.

ఆఖరికి ఒక పొద్దున దుకాణంలోనే బస్తాల మీద కూర్చున్నాను. ఆమె లోపలికొచ్చింది. తెరమీద బాణం కదిలింది. షావుకారు నింపాదిగా లేచి రూటర్ తీగ పీకేశాడు. బాణం ఆగాక మళ్లీ దాన్ని యథాప్రకారం గుచ్చేశాడు.

ఒళ్లు మండింది. "ఏంది షావుకారూ ఇది? ఇన్నాళ్లూ నన్ను తిప్పింది మీరా?"

"మనిషి లేకుండా బాణం తిరుగుతుంటే చూస్తా కూర్చోమంటావా? అది రమేనని నాకేం తెలుసు? ఆ దారినే ఇంకెవడో వస్తే?"

పాస్‌వర్డ్ గురించి, కోడ్ గురించి అప్పటికే చానాసార్లు చెప్పాను. మళ్లీ చెప్పాను. తల ఊపాడు గానీ నమ్మలేదు. ఇంకా వాదించే ఓపిక లేక సెట్టింగ్ మార్చాను. ఇప్పుడామె రావాలంటే ముందు దుకాణం తెరమీద అనుమతి అడుగుతుంది. ఇక్కడ బటన్ నొక్కి ఒప్పుకుంటేనే దారి తెరుచుకుంటుంది.

తెరమీద ఆ ప్రశ్న రాగానే షావుకారు ఆమెకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, వచ్చేది నువ్వేనా?"

"నేనే బాబాయ్. మాచర్ల ఆర్డర్ ఆగిపోయింది, కాస్త నొక్కండి."

నొక్కాడు. బాణం కదిలింది. ఈసారి తీగ జోలికి పోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, బిల్లు పూర్తయ్యేదాకా ఆమె పని చూస్తూ కూర్చున్నాడు.

ఆ సీజనంతా రమాదేవి మంచం మీదనుంచే బిల్లులు కొట్టింది. ఆమె కర్ర సాయంతో దుకాణానికి తిరిగొచ్చాక గేట్‌వే తీసెయ్యమంటాడేమో అనుకున్నాను. వాన పడితే ఇంట్లోనే ఉండి పని చేసుకోమని షావుకారే ఆమెతో అంటున్నాడట.

ఇప్పుడు ఎక్కడ ఈ పని ఒప్పుకున్నా, దూరంనుంచి వచ్చేదెవరని ముందు అడగను. ఆ కంప్యూటర్ ముందు కూర్చునేదెవరని అడుగుతాను. ఆ మనిషి చేత్తో ఒకసారి ఆ అనుమతి బటన్ నొక్కించాకే ఇంటికి బయల్దేరతాను.