త్రినాథ్ చక్రం, కుమారి సుద్ద

పలాసలో హైవే పక్కన త్రినాథ్ షెడ్డు మీద ‘ఇచ్చట ఏ వంకరైనను తీయబడును’ అని బోర్డు ఉంది. ఆ బోర్డే కాస్త ఎడమకు ఒరిగి ఉంటుంది. ఆ సంగతి ఎత్తినవాళ్లకు, రోడ్డే వాలుగా ఉందని సమాధానం దొరుకుతుంది.

త్రినాథ్‌కు వినయమనే జబ్బు లేదు. తండ్రి ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసినవాడు. కొడుకు లారీ రిమ్ముల దాకా ఎదిగాడు. లోకంలో గుండ్రంగా ఉన్నవన్నీ తమ ఇంటి శాఖ కిందికే వస్తాయని అతని నమ్మకం.

అలాంటివాడి దగ్గరకు అక్కుపల్లి వైపు కొబ్బరితోటల ఆసామి రమణమూర్తి, తన తండ్రి కొన్న కారు చక్రాలు నాలుగూ తెచ్చాడు. సముద్రపు గాలి రిమ్ములను అప్పడాల్లా నమిలేసింది. మధ్యనుండే సెంటర్ ప్లేట్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కాలపు వీల్ క్యాపులు బిగిసేది వాటికే. వాటిని కొత్త రిమ్ముల్లో కూర్చోబెడితే, విశాఖలో పాత కార్ల ప్రదర్శనకు బండి తన కాళ్ల మీద తాను వెళ్తుంది. ఒక్క సెంటర్ వంగినా మరొకటి దొరకదని చెప్పి ఊరుకోక, టెక్కలి షెడ్డువాళ్లు చేతులెత్తేశారని కూడా చెప్పాడాయన.

టెక్కలి పేరు వినగానే త్రినాథ్ లేచి నిలబడ్డాడు.

“బొంగరాల్లా తిరుగుతాయి బాబూ. తిరక్కపోతే ఈ బోర్డు దించేత్తాను.”

“అది దిగడానికి సగం సిద్ధంగానే ఉందిలే,” అన్నాడు రమణమూర్తి, బల్ల మీద కూర్చుంటూ.

రిమ్మును బాగా కాల్చి, అది సాగగానే చల్లటి సెంటర్‌ను లోపలికి దించాడు త్రినాథ్. చక్కగా దిగింది. అప్పుడు అతని చెయ్యి, అతణ్ణి అడక్కుండానే, పక్కనున్న బకెట్టు ఎత్తి ఒక వైపు నుంచి నీళ్లు కుమ్మరించింది. చుయ్యిమని ఆవిరి లేచింది. చూడ్డానికి దివ్యంగా ఉంది.

ఆ షెడ్డులో వెల్డింగుకు ముందు చివరి తీర్పు అతని భార్య కుమారిది. తిరిగే రిమ్ము అంచుకు ఆమె సుద్దముక్క ఆనిస్తుంది. గీత చుట్టూ పడితే చక్రం తిన్నన, తెగితే వంకర.

గీత తెగింది.

సుద్ద మంచిది కాదన్నాడు త్రినాథ్.

“సుద్దకి మన సుట్టరికం తెల్దు మావా,” అంది కుమారి. “మీ అయ్య నీళ్లు పోసీవోడు, కర్ర కాలిపోతాదని. ఇక్కడ కర్రేది? ఒక్క పక్కే సల్లారితే ఇనుం వంకరపోదా?”

రమణమూర్తి బోర్డు వైపు చూశాడు. త్రినాథ్ అటు చూడలేదు. రిమ్మును మళ్లీ కాల్చాడు. సెంటర్ ఊడి వచ్చింది. దాన్ని చదును బండ మీద పెట్టి, కింద వెలుతురేమైనా దూరుతోందా అని నేలకు చెంప ఆనించి చూశాడు. దూరలేదు. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరిని దగ్గులా వదిలాడు.

రెండోసారి సెంటర్ దిగగానే కుమారి బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. రిమ్ము తనంతట తాను చల్లారేదాకా లేవలేదు. త్రినాథ్ చేతులు వెనక్కి కట్టుకుని, ఇదంతా ముందే అనుకున్న పద్ధతి అన్నట్టు అటూ ఇటూ నడిచాడు.

ఈసారి సుద్దగీత మొదలైన చోటికే వచ్చి కలిసింది. త్రినాథ్ వెల్డింగు అద్దం పెట్టుకున్నాడు.

“కారు సక్రానికి నీళ్లు కూడదు బాబూ,” అన్నాడు గంభీరంగా. “శానామందికి తెల్దు.”

కుమారి కొంగుతో సుద్ద చేతులు తుడుచుకుంది. మిగతా మూడు చక్రాలకూ బకెట్టు మీదే కూర్చుంది.

బోర్డు దిగలేదు. తిన్ననా కాలేదు.