నేనన్నది బస్సే

ఆ రోజు నేను "స్టాప్" అనలేదు. "బస్, బస్" అన్నాను. విచారణలో ఆ ఒక్క మాటా మింగేశాను.

విమానం వచ్చి ఆగాక, సామాన్లు ఎక్కించే బెల్టు బండిని దాని తలుపు దగ్గరికి సైగలతో రప్పించడం నా పని. బండి నడిపే అతనిది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. పటాన్‌చెరు నుంచి ఒకే కంపెనీ వ్యాన్‌లో ఎయిర్‌పోర్టుకు వెళ్ళేవాళ్ళం. దారి పొడుగునా అతని ముచ్చట్లకు నవ్వీ నవ్వీ కడుపు నొచ్చేది. ట్రాక్టర్ నడిపిన చెయ్యి కదా, ఏ బండినైనా గోడకు బెత్తెడు దూరంలో నిలిపేవాడు.

బండిని ఆపాలంటే రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టి "స్టాప్" అనాలి. ఆ మధ్యాహ్నం గాలికి టోపీ ఎగరబోతే ఒక చేత్తో దాన్ని పట్టుకున్నాను. ఇంట్లో అన్నం వడ్డిస్తుంటే చాలన్నట్టు, "బస్" అన్నాను. అక్కడ ప్రయాణికుల బస్సులు తిరుగుతుంటాయి. వెనక బస్సొస్తోందనుకుని అతను తల తిప్పాడు. ఆ లోపే బెల్టు కొస తలుపు అంచును నొక్కేసింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, విమానం ఆ రోజు లేవలేదు.

విచారణాధికారి మా ఇద్దరినీ విడివిడిగా అడిగారు. "బస్" అని వినబడిందని అతను చెప్పాడు. "స్టాప్" అన్నానని నేను సంతకం పెట్టాను. అతన్ని బండి దించి సామాన్లు మోసే పనిలో వేశారు. వ్యాన్‌లో అందరూ "బస్సొచ్చింది, జరుగుండ్రి" అని ఆటపట్టిస్తే, అందరికంటే గట్టిగా అతనే నవ్వేవాడు. నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి.

రెండేళ్ళకు, మళ్ళీ బండి పర్మిట్ ఇచ్చే ముందు అతన్ని క్లాసుకు పిలిచారు. తప్పుగా విన్నానని రాసిస్తే చాలన్నారు అధికారి.

"ఇన్నది ఇన్న సార్. గట్ల రాసుడుకంటే ఊర్ల ట్రాక్టరే నడుపుకుంట" అన్నాడతను.

సైగలు నేర్పడానికి వచ్చిన నేను బోర్డు ముందే నిలబడి ఉన్నాను. టోపీ సంగతీ బస్ సంగతీ అందరి ముందూ చెప్పేశాను. క్లాసంతా ఘొల్లున నవ్వింది. అధికారి మాత్రం నవ్వలేదు. కొత్త వాంగ్మూలం రాయించుకుని, నన్ను సైగల పని నుంచి తప్పించి, అతని పర్మిట్ మీద సంతకం చేశారు. ఎన్నాళ్ళకో నాకు గుండె తేలికైంది.

బయటికొచ్చాక అతను కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉన్నాడు. "మా ఇంటామె నమ్మక, చెవులు సూపియ్యనీకి డాక్టర్ దగ్గరికి గుంజుకపోయింది అన్నా."

"నీ చెవులు మంచిగనే ఉన్నయి తమ్మీ. నా నోరే అబద్ధమాడింది. నన్ను మాఫ్ చెయ్."