బస్సు దారిలో ఒడిబియ్యం

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు నేనూ నా భార్య రాజవ్వా కోసాడ్‌లో ఇల్లు కదిలాం. ఆ రోజు అడాజన్‌లో మా బిడ్డ సుజాత కొత్త ఫ్లాటులో పాలు పొంగించాలి. పదిన్నరకు రాహుకాలం. ఆలోపు తల్లిగారి ఒడిబియ్యం తన ఒడిలో పడకపోతే పొయ్యి వెలిగించేది లేదని సుజాత ముందే చెప్పింది.

ఆటో వద్దన్నాను. నెల కింద ఒక పెండ్లికి ఆటోలో పోయి, తాపీ నది వంతెన మీద ఇరుక్కుని, గిన్నెలు కడిగే వేళకు చేరాం. బీఆర్‌టీఎస్ బస్సుకు రోడ్డు నడుమ కంచె కట్టిన సొంత దారి ఉంది. పోయేవాళ్లు టికెట్ స్టాండులోనే తీసుకోవాలి. నేను బోర్డు కూడబలుక్కుని చదివేసరికి ఒక బస్సు వెళ్లిపోయింది. ముసలితనంలో నేర్చిన చదువు అంతే.

తర్వాతి బస్సులో నిలబడ్డాం. కంచె అవతల ఆటోలు, లారీలు కదలడం లేదు. సందులోంచి మా దారిలోకి దూరిన స్కూటర్‌ను డ్రైవర్ హారన్‌తోనే బయటికి తరిమాడు.

బియ్యం మూట నేల మీద పెట్టకూడదు. రాజవ్వ అవస్థ చూసి, సీట్లో కూర్చున్న గుజరాతీ ఆమె "మౌసీ, ఇధర్ దో" అని మూట తీసుకుని ఒడిలో పెట్టుకుంది. పేరు హంసాబెన్ అట. నేను చూసేసరికి నది దాటాం.

"ఏందే, బిడ్డ ఒడిబియ్యం గామె ఒడిల వెట్టినవ్?"

"మరి నీ నెత్తిన వెడుదునా? చేతులు గుంజుతున్నయ్."

"ఒడిల వడ్డంక గవి ఆమెయే. బిడ్డకేం పోస్తవ్?"

రాజవ్వ ముఖం మాడింది. హంసాబెన్ ఏమైందని అడిగితే నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆమె నవ్వి, "అయితే నా వాటా తీయండి, మిగతాది మీ బిడ్డది" అంది.

రాజవ్వ ముడి విప్పింది. హంసాబెన్ నెత్తిన కొంగు కప్పుకుని ఒడి పట్టింది. రాజవ్వ పసుపు బియ్యం దోసెడు పోసి, పైన ఒక ఎండుకొబ్బరి కుడుక పెట్టింది. గింజలు కొన్ని కింద రాలితే చుట్టూ నిలబడ్డవాళ్లు కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

పది దాటకముందే చేరాం. అల్లుడు సత్యం తలుపు తీశాడు.

"నాయినా, గింత జల్ది ఎట్లొచ్చిన్రే?" అంది సుజాత. ఒడి నిండాక చూసుకుని, "కుడుకొకటి తక్కువున్నదేందమ్మా?" అని అడిగింది.

"బస్సుల నీకో అక్క దొరికింది. ఆమెకు వోసిన."

"మరి అక్కను తోలుకరాకపోతిరి!"

పాలు పొంగాయి.

సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చాం. అవతల ఆటోలు నిలబడే ఉన్నాయి. ఉన్న రోడ్డు కోసి బస్సుకిస్తే మిగతావాళ్లకు ఇరుకైంది, అదీ నిజమే. తొందరున్నవాళ్లు మాత్రం బస్సే ఎక్కండి.

ఆ రోజు ఉన్నవాళ్లు: నేను, రాజవ్వ, హంసాబెన్, సుజాత, సత్యం. అక్క పేరు తన పేరుకంటే ముందు రాయమని సుజాతే అన్నది.