ఏడవాల్సిన చోట

బట్టలు కుట్టే అక్కకు పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడటం అలవాటు. మెట్ల మీద బరువైన అడుగు వినిపిస్తే చాలు, మిషను తొక్కే కాలు ఆగిపోతుంది. వచ్చింది పాలవాడేనని తెలిశాకే మళ్లీ ఆడుతుంది. నవ్వినా భుజాలు కదులుతాయే తప్ప చప్పుడు రాదు. ఇంట్లో నవ్వు వినిపిస్తే నాన్న బెల్టు తీసేవాడు మరి. ఆయన పోయి ఏళ్లు గడిచినా ఆ భుజాలకు ఇంకా కబురు అందలేదు.

మొన్న ఆదివారం చెల్లెలు ఆమెను మ్యాట్నీకి లాక్కెళ్లింది. తెర మీద తండ్రి తలుపు తన్ని లోపలికొచ్చి, అన్నం పళ్లెం విసిరికొట్టి, పిల్లల మీద గర్జించాడు. హాలంతా ముక్కులు చీదుతోంది. అక్క చెప్పుల్లో కాళ్లు దూర్చింది. "పోదాం పదవే" అంటూ లేవబోయింది.

చెల్లెలు చెయ్యి పట్టి లాగి, చెవిలో గుసగుసలాడింది. "ఆగవే. వీడి మొహం, వీడికి పళ్లెం విసరడం కూడా రాదు. మన నాన్నయితే కూర ఫ్యానుకు అంటించేవాడు!"

ఆ ఫ్యాను మీంచి ఆయన నెత్తి మీదే బొట్టుబొట్టుగా కారిన కూర అక్కకు గుర్తొచ్చింది. అప్పుడు మింగేసిన నవ్వు ఇప్పుడు కిసుక్కున బయటపడింది. చెల్లెలూ అందుకుంది. ఆపుకోబోయిన కొద్దీ అది ఎక్కిళ్లతో సహా పొంగింది.

ముందు సీటు పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. "ఏంటమ్మా, ఏడవాల్సిన చోట ఈ ఇకఇకలు?"

"మా వాటా ఏడుపు చిన్నప్పుడే ఏడ్చేశాం బాబాయ్‌గారూ!" అంది అక్క.

ఆయన తెల్లబోయి చూశాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "మీ ఇంట్లో కూడానా?"

తెర మీద తండ్రి మళ్లీ చెయ్యెత్తేసరికి, అందరికంటే ముందు పకపకలాడింది ఆయనే.