సర్పంచ్ ఇంటి షామియానా

మా ఊరి సర్పంచ్ కావాలని మా ఆయన రెండేళ్లు కష్టపడ్డాడు. తీరా రిజర్వేషన్ల జాబితా వచ్చేసరికి మా ఊరు మహిళకు పడింది. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే, "ఆధార్ కార్డు తియ్యి, రేపు ఫొటో దిగాలె" అన్నాడు. నేను సర్పంచ్‌ని కావడానికి నా వైపు నుంచి జరిగిన ప్రయత్నం ఆ కార్డు వెతకడమే.

మా ఊరు కోరుట్లకు ఆటోలో అరగంట. మా ఆయన అంతకు ముందు మస్కట్‌లో ఏడేళ్లు చేశాడు. అక్కడ ఆయన పని పెద్దవాళ్ల విందులకు డేరాలు వేయడం. తిరిగొచ్చాక, తెలిసిన పనే చేసుకుందామని ఊళ్లో టెంట్ హౌస్ పెట్టాడు. షామియానాలు, ప్లాస్టిక్ కుర్చీలు, వంట గంజులు, ఒక మైక్ సెట్టు. నాది సిరిసిల్ల. పుట్టింట్లో సాంచాలు ఉన్నాయి; మరమగ్గాలను మా వైపు అలాగే అంటారు. ఆ చప్పుడులో పెరిగినదాన్ని కాబట్టి మెల్లగా మాట్లాడటం నాకు రాదు. బట్ట సంగతి మాత్రం తెలుసు. చిరిగిన షామియానాలన్నీ నేనే మిషన్ మీద కుట్టేదాన్ని. నేను గెలిచిన రోజు టపాకాయ ఎగిరిపడి మా కొత్త షామియానా నడిమధ్యలో కాలింది. మర్నాడు పొద్దున మెళ్లో దండలు తీసి పక్కన పెట్టి, ఆ చిల్లుకు ఆకుపచ్చ బట్టతో మాసిక వేశాను. సర్పంచ్‌గా నా మొదటి పని అది.

గ్రామసభకైనా, కంటి శిబిరానికైనా, జెండా పండక్కైనా పంచాయతీ ఎప్పుడూ మా టెంటే తీసుకునేది. ఊళ్లో ఇంకో టెంట్ హౌస్ లేదు. నేను సర్పంచ్ అయ్యాక జరిగిన మొదటి గ్రామసభకూ అదే వేశారు. వారం తర్వాత పంచాయతీ కార్యదర్శి ఆ బిల్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. జగిత్యాల నుంచి రోజూ బస్సులో వచ్చే చిన్న వయసు పిల్ల. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు కాబట్టి రూల్స్ ఇంకా గుర్తున్నాయి.

"మేడం, గీ బిల్లు చూడండి. టెంట్ మీ సార్‌ది. మంజూరు సంతకం మీది."

"అయితే?"

"అయితే మీ చేత్తోని మీ ఇంటికే ఇచ్చుకున్నట్టు అయితది. సర్పంచ్‌కు గానీ ఇంట్లోళ్లకు గానీ పంచాయతీ పనులల్ల లాభం ఉండొద్దు మేడం. ఉంటే పదవే పోవచ్చు."

నేను బిల్లు చూశాను. రాత నాదే. మా ఆయన చేతిరాత ఎవరికీ అర్థం కాదని పెళ్లయినప్పటి నుంచి బిల్లులు నేనే రాస్తున్నాను. టెంట్ హౌస్ తరఫున కింద సంతకమూ నాదే. దాని పక్కనే పంచాయతీ తరఫున కూడా నేనే చేస్తే, ఇద్దరు మనుషులు ఉండాల్సిన కాగితం మీద ఒక్కదాన్నే ఉంటాను. అంతవరకూ అది తప్పని నాకు తోచలేదు. కానీ ఒకసారి కనబడ్డాక కనబడనట్టు ఉండటం కుదరలేదు. సంతకం పెట్టకుండా పంపేశాను.

ఇంట్లో చెబితే మా ఆయన కుర్చీలు దులపడం ఆపాడు.

"గింత చిన్న ఊరికి గా రూల్ ఎవరు పెట్టిండ్రే?"

"పెద్ద ఊరోళ్లే పెట్టి ఉంటరు."

ఆయన చాలాసేపు ఆలోచించి, టెంట్ హౌస్‌ను తమ్ముడి పేరు మీదికి మారుద్దామన్నాడు. మా మరిది అప్పటికి మస్కట్‌లోనే ఉన్నాడు. పెయింటర్ వచ్చి బోర్డు మీద పేరు మార్చాడు. నాలుగు రోజులకు మా మరిది ఫోన్ చేసి, "అన్నా, నా దుకాణం ఎట్ల నడుస్తుంది?" అని అడిగాడు. మొదట నవ్వులాటకే అడిగాడనుకున్నాం. మర్నాడు మా తోటికోడలు వచ్చి తాళంచెవి అడిగింది. పెయింటర్ మళ్లీ వచ్చాడు.

ఈసారి మా అత్తమ్మ పేరు. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ విన్నది.

"నాకు దుకాణం ఉన్నదని ఎవడన్న రాసిండనుకో, నా పింఛన్ పోతది. నా పింఛన్ నువ్విస్తవా?"

ఆయన పెయింటర్‌ను వెనక్కి పంపేశాడు. బోర్డు తెల్లగా, ఏ పేరూ లేకుండా మూడు వారాలు ఉంది.

చివరికి పెద్దాఫీసులో అడిగితే తేలుతుందని ముగ్గురం, నేను, ఆయన, కార్యదర్శి, జగిత్యాల పోయాం. అక్కడ ఒక పెద్దాయన రెండు జతల కళ్లద్దాలు మార్చి మార్చి పెట్టుకుంటూ చట్టం పుస్తకం తీశాడు. మాకు కుర్చీలు వేయించి, ఓపికగా విన్నాడు.

"ఇద్దరు కలిసే ఉంటున్నరా?" అని అడిగాడు.

"ఇయ్యాల పొద్దటిదాక ఉన్నం సార్" అన్నాడు మా ఆయన.

పెద్దాయన నవ్వలేదు. ప్రత్యక్షంగా గానీ, పరోక్షంగా గానీ అని చదివాడు.

"పరోక్షం అంటే ఎట్ల సార్?"

"ఎవ్వరి పేరు పెట్టినా మీకే ముడితే, గది పరోక్షం."

మా ఆయనకు అర్థమైంది. అర్థమైనట్టు ముఖం పెట్టలేదు. "మరి ఉత్తగనే ఇస్తే?" అన్నాడు.

"ఉత్తగ ఇస్తే లాభం లేదు గదా. అయినా గది మీ ఊరోళ్లను అడిగి చేసుకోండ్రి."

మా ఆయన మొదటి వాక్యం మాత్రమే విని లేచాడు. తర్వాతి గ్రామసభకు ఊరిని అడగకుండానే ఉచితంగా షామియానా వేశాడు. చాలా రోజుల తర్వాత సంతోషంగా కనబడ్డాడు. సభ మొదలైన అయిదు నిమిషాలకు ఉప సర్పంచ్ లేచాడు. ఆయనది మాకు ఎదురు జట్టు. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండే మనిషి. మాట పెంచడు.

"గిది గ్రామసభనా, టెంట్ హౌస్ ఓపెనింగా?" అని అడిగాడు.

అందరూ తలలెత్తి చూశారు. షామియానాకు నాలుగు వైపులా మా టెంట్ హౌస్ పేరు, ఫోన్ నంబరు ఎర్రటి అక్షరాలతో ఉన్నాయి. అవి నేను కుట్టినవే. దూరం నుంచి కూడా బాగా కనిపిస్తాయి.

ఉప సర్పంచ్ అన్నది నిజమే. ఆయన అనేది చాలాసార్లు నిజమే అయ్యేది. నాకు ఆయనతో ఉన్న ఇబ్బంది అదే. షామియానా విప్పమని చెప్పాను. మా ఆయన ఒక్కో తాడూ విప్పుతుంటే ఊరంతా కూర్చుని చూసింది. ఎండాకాలం. వెనక వరుసలో ఒక ముసలామె నెత్తిమీదికి కొంగు లాక్కుంటూ, "సర్పంచ్ మారినంక నీడ గూడ పాయె" అంది. ఆమె నాకు ఓటేసింది.

ఎండలో కూర్చుని అందరూ ఒక తీర్మానం చేశారు. ఇకముందు టెంటు కోరుట్ల నుంచి తెప్పించాలని. దూరమైనా సరేనన్నారు.

రెండు నెలలకు మళ్లీ గ్రామసభ. కోరుట్ల నుంచి ట్రాలీ ఆటోలో సామాను వచ్చింది, వాళ్ల మనుషులే వేశారు. నేను మంచినీళ్ల పైపుల విషయం చదువుతూ, మెడ పట్టేస్తే తల పైకెత్తాను. నడిమధ్యలో ఆకుపచ్చ మాసిక ఉంది. నా కుట్టు నాకు తెలుసు. మాసిక అంచుకు రెండు వరుసలు వేయడం నా అలవాటు. పేరున్న అంచులను లోపలికి మడిచి పిన్నీసులు పెట్టారు. కింద చూస్తే కుర్చీలూ మావే. నేను కూర్చున్నదానికి ఎడమ కోడు కొంచెం వంకర. అది రోజూ మా గడపలో వేసుకునే కుర్చీ.

మా ఆయన వెనక నిలబడి ఉన్నాడు. ఆయన కూడా పైకే చూస్తున్నాడు.

నేను పైపుల విషయం పూర్తి చేశాను. తర్వాత వీధి దీపాల విషయం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే, ఆ కాసేపూ ఊరుకుందామనే అనుకున్నాను. ఎవరికీ తెలియదు. కుట్టు చూసి గుర్తుపట్టేవాళ్లు ఆ సభలో లేరు. మధ్యాహ్నం దాటితే షామియానా మడత పెట్టి తీసుకెళ్లిపోతారు. దీపాల విషయం సగంలో ఉండగా కార్యదర్శి నా వైపు చూసి, నీళ్ల గ్లాసు జరిపింది. ఎండలో బస్సు దిగి వచ్చిన పిల్ల, నాకు దాహమేమో అనుకుంది. ఆ పిల్ల రేపు ఈ టెంటు బిల్లు మీద, ఏమీ తెలియక, అంతా సక్రమమని రాస్తుంది. నేను మైకు దగ్గరికి లాక్కున్నాను.

"ఒక్క మాట. గీ షామియానా మాదే."

ఉప సర్పంచ్ తలెత్తాడు. "కోరుట్లది గదా?"

"కోరుట్ల నుంచి అచ్చింది. గని మాదే. గా ఆకుపచ్చ మాసిక నేనేసిన."

ఎవరో కోరుట్ల టెంట్ ఆయనకు ఫోన్ కలిపి, మైకు దగ్గర పెట్టారు. ఆయన ఏమీ దాచలేదు. "పెండ్లిండ్ల సీజన్ అన్నా, నా సామాను మొత్తం మెట్‌పల్లి పోయింది. మీ ఊరి టెంట్ ఆయన దగ్గర కిరాయికి తీసుకున్న. మీ ఊరికే అని ఆయనకు తెల్సు." ఆ మాట ఊరంతా విన్నది. మా మైకు సెట్టు మంచిది. వెనక్కి చూసేసరికి మా ఆయన లేడు.

కోరుట్లకు ఏమీ ఇవ్వకూడదని, మా ఇంటికీ ఏమీ రాకూడదని రాసుకున్నారు. ఉప సర్పంచ్ కార్యదర్శితో, "సర్పంచ్ అక్కనే చెప్పిందని గూడ రాయి" అన్నాడు. నాకు అది గౌరవమో కాదో అప్పుడు తేలలేదు.

ఇంటికి వెళితే మా ఆయన గడపలో నిలబడి ఉన్నాడు.

"మంది ముంగట నన్ను దొంగను చేసినవ్ గదనే."

 నా దగ్గర జవాబు ఉంది, కానీ ఆయన కళ్లలో నీళ్లున్నాయి. మస్కట్ నుంచి వచ్చిన రోజు తప్ప ఆయన కళ్లలో నీళ్లు నేను చూడలేదు. ఆ మనిషి నన్ను గెలిపించడానికి ఇల్లిల్లూ తిరిగాడు. నాకు మాట్లాడటం నేర్పించడానికి, ఇంట్లో ఖాళీ కుర్చీలు వరుసగా వేసి, నన్ను వాటి ముందు నిలబెట్టాడు.

పదకొండు రోజులు మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే మా అత్తమ్మకు చెప్పేవాడు. "రేపు కోరుట్ల పోతున్ననని చెప్పు." నేను ఆ పక్కనే అన్నం వడ్డిస్తూ ఉండేదాన్ని. ఆమె నా వైపు తిరిగి, "ఇనవడ్డదా?" అనేది. "ఇనవడ్డది అత్తమ్మా" అనేదాన్ని. ఆమెకు ఆ పదకొండు రోజులూ ఇంట్లో మంచి పలుకుబడి.

పన్నెండో రోజు పొద్దున ఉప సర్పంచ్ తండ్రి చనిపోయాడు. చావింటికి మా ఆయన ఎవరూ పిలవకుండానే టెంటు వేస్తాడు. ఎవరిదని చూడడు, కిరాయి తీసుకోడు. నేను వెళ్లేసరికి ఆ ఇంటి ముందు తాడు పట్టుకుని ఒక్కడే కుస్తీ పడుతున్నాడు. గాలి బాగా ఉంది. బట్ట లేచిపోతోంది. ఆయన నన్ను చూశాడు. చుట్టూ ఇంకెవరైనా ఉన్నారేమో చూశాడు. అందరూ లోపల ఏడుస్తున్నారు.

"పట్టుకో" అన్నాడు.

నేను గుంజ పట్టుకున్నాను.

"గట్టిగ."

"పట్టుకున్న."

ఆయన మేకు దిగ్గొట్టి, ముడి వేసి, ఇంకో మూలకు పోయాడు. నేను గుంజ వదలకుండా ఆయన వెంట కళ్లతోనే తిరిగాను. నాలుగు మూలలూ అయ్యాక, "అన్నం తిన్నవా?" అని అడిగాడు. తినలేదన్నాను. తనూ తినలేదన్నాడు. కాసేపటికి ఉప సర్పంచ్ బయటికి వచ్చాడు. ఆ రోజు చొక్కాకు ఇస్త్రీ లేదు. షామియానా వైపు చూసి ఏదో అనబోయాడు. మా ఆయన ఆయన భుజం మీద చేయి వేసి, "దీనికి పంచాయతీతోని పని లేదు. కూసో" అన్నాడు.

తర్వాత పంచాయతీయే సొంతంగా షామియానా బట్ట కొనాలనుకుంది. సిరిసిల్లలో చవకగా దొరుకుతుందని ఎవరో అన్నారు. అక్కడ మా అన్నకు సాంచాలున్నాయని చెప్పి, నేను లేచి వరండాలోకి వెళ్లాను. లోపల సమావేశాన్ని ఉప సర్పంచ్ నడిపించాడు. మా అన్న దగ్గర కాదు, అసలు సిరిసిల్లలోనే వద్దని, జగిత్యాలలో ఒక దుకాణంలో కొన్నారు. నీలం రంగు. బట్ట ముట్టుకోగానే ఇది నిలిచే రంగు కాదని నాకు తెలిసింది. కానీ ఆ విషయం తేలినప్పుడు నేను వరండాలో ఉన్నాను కాబట్టి ఏమీ అనలేదు. మొదటి వాన పడ్డ గ్రామసభలో కూర్చున్నవాళ్లందరి భుజాలూ నీలమయ్యాయి. ఉప సర్పంచ్ చొక్కా కూడా.

నా అయిదేళ్లు అయిపోయాయి. ఈసారి రిజర్వేషన్ మారి, మా ఆయన నిలబడటానికి వీలైంది. జనం కూడా నిలబడమన్నారు. ఆయన నామినేషన్ కాగితాలు తెచ్చి రెండు రోజులు మంచం మీద పెట్టుకుని చూశాడు.

"గెలిస్తే మన కుర్చీ ఒక్కటి గూడ పంచాయతీకి పోవద్దా?"

"పోవద్దు."

"అయిదేండ్లు?"

"అయిదేండ్లు."

మూడో రోజు కాగితాలు మడిచి బీరువాలో పెట్టాడు. ఆ ఎన్నికల్లో నిలబడ్డ ముగ్గురికీ మా టెంటే వేశాడు. ఉప సర్పంచ్ గెలిచాడు. గెలిచిన వారానికి దుకాణానికి వచ్చి, ఆ నీలం బట్ట పనికిరాదని, గ్రామసభకు టెంటు కావాలని అడిగి, మా ఆయన ముందు కొంచెం ఇబ్బందిగా నిలబడ్డాడు.

"మీ ఇంట్ల ఎవ్వరికన్న టెంట్ హౌస్ ఉన్నదా?" అని అడిగాడు మా ఆయన.

"లేదన్నా."

"అయితే తీస్కపో" అన్నాడు. నేను కుర్చీల గది గొళ్లెం తీశాను.