నబవియ్య నల్లపొడి

నబవియ్యకు యాభై రెండేళ్ళు. అందులో ఇరవయ్యారేళ్ళు ఒకే గదిలో గడిచాయి. ఈజిప్టులో సొహాగ్ ఊరి బయట వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చిట్టచివరి గది అది. చిక్కుడు వేళ్ళలో బుడిపెలు కట్టి చేరి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు తినిపించే సూక్ష్మజీవులను అక్కడ గాజుసీసాల్లో పెంచుతారు. మెత్తటి నల్లపొడిలో కలిపి అరచేతంత పొట్లాలు కడతారు. పెద్ద చదువుల డాక్టర్లు వస్తుంటారు, పోతుంటారు. ఒకాయన ఉప్పునేలలో బతికే రకం కోసం వెతుకుతాడు, ఒకావిడ వేడికి తట్టుకునే రకం కోసం వెతుకుతుంది. ఇద్దరూ వ్యాసాలు రాసుకుంటారు. సీసాలు కడిగి, ఉడికించి, నింపి, వాటిని కనిపెట్టుకుని ఉండేది మాత్రం నబవియ్యే. మూత తీసి ఒక్కసారి వాసన చూసి "ఇది చెడింది, పారబోయండి" అనేది. డాక్టర్లు నమ్మక సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసుకుని, కిమ్మనకుండా పారబోసేవారు.

ఇంత పనిమంతురాలికి సొంత ఊళ్ళో పూచికపుల్ల విలువ లేదు. పొద్దున లేస్తే ఊరంతా తినేది ఫూల్ అనే పెద్దగింజ చిక్కుళ్ళే, పండించేదీ అవే. కాలువ అవతల ఎడారిని చదును చేసి సాగులోకి తెచ్చిన ఇసుకనేలలో ఈ పొట్లం వేస్తే యూరియా అక్కర్లేదని ఆవిడ చెప్పని ఇల్లు లేదు. విన్న ఇల్లూ లేదు.

పక్క పొలం హాజ్ ఖలఫ్‌కు నోటితీట ఎక్కువ. "అమ్మాయ్ నబవియ్యా, ఆ నల్లపొడి టీలో కలుపుకుంటే ఏమన్నా గుణం చేస్తుందా? మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు" అని నలుగురిలో అడిగేవాడు.

ఆ ఏడు ఎండాకాలం చివర కేంద్రం పెద్దాయన ఆవిడను పిలిచి, మర్యాదగానే, చేదు మాట చెప్పాడు. పొట్లాలు పట్టుకెళ్ళే రైతు లేనప్పుడు గది ఎందుకన్నాడు. వచ్చే ఏడు విత్తనాల వేళకు ఆవిడ ఊళ్ళోనే పది ఇళ్ళయినా పొట్లం అడగకపోతే గదికి తాళం వేస్తామనీ, ఆవిడను కాగితాల విభాగానికి మారుస్తామనీ అన్నాడు. నబవియ్య బయటికొచ్చి సీసాల మధ్య కూర్చుని కాసేపు ఏడ్చింది. తరవాత ముక్కు తుడుచుకుని అత్తగారి దగ్గరికి బయల్దేరింది.

అత్తగారు హాజ్జా ఫహీమా. మొగుడు పోయి పదేళ్ళయినా నబవియ్య ఆవిడను వదిలి వెళ్ళలేదు. ఊళ్ళో షంసీ రొట్టె ఎవరు చేసినా ఫహీమా రొట్టెతో పోల్చాల్సిందే. ముద్దలు చేసి, గుండ్రటి మట్టిపళ్ళేల మీద పెట్టి, డాబా మీద ఎండలో పొంగిస్తుంది. ఎండలో పొంగిన రొట్టె పొయ్యిలోకి వెళ్ళి వచ్చేసరికి వీధి వీధంతా వాసన.

"అత్తమ్మా, ఇసుకచెక్క అరెకరం నాకివ్వండి. యూరియా వెయ్యొద్దు, నా పొడే వేద్దాం. పైరు చూస్తే ఊరే నమ్ముతుంది."

"నమ్మకపోతే?"

"గది పోతుంది."

"సరే తీసుకోవే. ఆ గది పోతే పగలంతా నువ్వు ఇంట్లోనే ఉంటావు. నేను భరించలేను తల్లీ."

తీరా విత్తే వేళకు కాలువ నీటి వంతు ఒకరోజు ముందే వచ్చిపడింది. నబవియ్య కేంద్రంలో సీసాలు వదిలి రాలేని రోజది. అత్తగారికి ఫోనులోనే చెప్పింది: "చెరకుపాకం నీళ్ళలో పొడి కలపండి, గింజలకి పట్టించండి, కాసేపు ఆరనిచ్చి విత్తెయ్యండి." ఎక్కడ ఆరబెట్టాలో చెప్పలేదు. చెప్పాలని తోచనైనా లేదు.

నలభై రోజులు గడిచాయి. ఇసుకచెక్కలో పైరు పసుపుపచ్చగా, జ్వరం మొహం వేసుకుని నిలబడింది. నబవియ్య సాళ్ళలోకి దిగింది. ఒక మొక్క పీకింది. వేళ్ళు తెల్లగా, నున్నగా ఉన్నాయి, ఒక్క బుడిపె లేదు. ఇంకోటి పీకింది. అదీ అంతే. అవతల హాజ్ ఖలఫ్ తన యూరియా పైరు మధ్య నిలబడి గొంతెత్తాడు.

"పీకు పీకు, అమ్మాయ్! అన్నీ పీకేస్తే కోత కూలి మిగుల్తుంది!"

జవాబు చెప్పడానికి తలెత్తిన నబవియ్యకు పొలం చివర ఏదో కనిపించింది. గట్టు పక్కన నాలుగు సాళ్ళు. నల్లగా కనిపించేంత పచ్చదనం, మోకాలిని దాటిన ఎత్తు. పరుగెత్తింది. చెప్పు ఒకటి ఇసుకలో ఉండిపోయింది. మొక్క పీకి చూస్తే వేరంతా గుత్తులు గుత్తులుగా బుడిపెలు. ఒకటి గోటితో చిదిపింది. లోపల గులాబీ రంగు. తన సీసాల్లోని ప్రాణాలు బతికి పని చేస్తున్నాయన్న గుర్తు అదే. ఆవిడ అక్కడే చతికిలబడి పెద్దగా నవ్వింది.

"ఈ నాలుగు సాళ్ళు ఎవరు వేశారు?" ఇంటికొచ్చి అడిగింది.

మరిది జగ్లూల్ బల్ల మీద పడుకునే చెయ్యెత్తాడు. పడుకుని చేయగల పని ఏదీ అతను నిలబడి చేయడు. "నేనే వదినా. సేద్యం అంటే చేతివాటం ఉండాలి మరి."

"గింజలు ఎక్కడ ఆరబెట్టావు?"

"ఆరబెట్టడమా?" జగ్లూల్ తల గోక్కున్నాడు. "అమ్మ డాబా మీదికి మొయ్యమంది. నా తట్ట నేను గేదెల కొట్టంలో చీకటిమూల పెట్టి, పక్కనే చిన్న కునుకు తీశాను. మెట్లెక్కే ఓపికెక్కడిది వదినా."

"మిగతావి?"

"మిగతావి నేను పద్ధతిగా చేశాను," అంది ఫహీమా, పిండి పిసుకుతూనే. "రొట్టెల పళ్ళేల మీద పరిచి, మూడు గంటలు మిటమిట ఎండలో పెట్టాను. ప్రాణమున్న పొడి అన్నావు కదా. ప్రాణమున్నది పొంగాలంటే ఎండ తగలొద్దూ?"

ఎండ తగిలితే చచ్చిపోతాయని పొట్లం మీద రాసే ఉంది, ఎన్ని డిగ్రీల్లో ఉంచాలో కూడా. ఫహీమాకు చదువు రాదు, వచ్చినా డిగ్రీలతో ఆవిడకేం పని? నబవియ్యకు కోపం వచ్చింది, అయితే ఎవరి మీద చూపాలో తెలియలేదు. అప్పుడే ఆవిడ చూపు అటక కింద, తడిగుడ్డ కప్పిన మట్టిముంత మీద పడింది.

"అత్తమ్మా, రొట్టె ఎండలో పెడతారు సరే. పిండి పులియడానికి వేసే తోడు ఎక్కడ దాస్తారు?"

"ముంతలో, చీకట్లో. ఇంకెక్కడ?"

"డాబా మీద పెట్టరేం?"

"పిచ్చిదానా, ఎండకి చచ్చిపోదూ? మా అత్త నా చేతికిచ్చిన..." ఫహీమా ఆగిపోయింది. చేతులు పిండిలోనే ఉండిపోయాయి.

"నా పొడి తోడు అత్తమ్మా, రొట్టె కాదు."

ముసలావిడ పిండి చేత్తోనే నుదురు కొట్టుకుంది. ఆ మాసిన నుదుటితో కోడలి మీద ఒంటికాలి మీద లేచింది. "ఇరవయ్యారేళ్ళ నుంచి బాక్టీరియా, బాక్టీరియా అని నా చెవులకు చిల్లులు పెట్టావు గానీ, తోడు అని ఒక్కసారి చెప్పలేకపోయావటే!"

నబవియ్య మొహం ఎర్రబడింది. ఆ మాట నిజం. డాక్టర్ల నోట విన్న మాటలే ఊళ్ళోకి మోసుకొచ్చిందిగానీ, ఇంట్లో అటక కింద ఉన్న మాట ఆవిడకు ఒక్కనాడూ తట్టలేదు.

మర్నాడు జగ్లూల్ యూరియా బస్తా తెస్తానన్నాడు, పసుపుబారిన మేరకైనా వేద్దామని. ఫహీమా వద్దంది. "అలాగే ఉండనీ. పంట పోతే పోయింది." ఊళ్ళో రొట్టె విషయంలో ఎవరేమన్నా పడని మనిషి ఆవిడ. అలాంటిది ఆ శుక్రవారం ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను కాలువ దాటించి పొలానికి తీసుకెళ్ళింది. గట్టు మీద నిలబడి చేయి చాపింది.

"ఈ పసుపుపచ్చది నేను చేసిన నిర్వాకం. తోడు తీసుకెళ్ళి ఎండలో పెట్టాను, చంపేశాను. ఆ పచ్చటిది నా కోడలి పొడి. దానికి తోడు నా కొడుకు సోమరితనం. కళ్ళున్నవాళ్ళు చూసుకోండి."

ఆడవాళ్ళు ముందు ఫహీమా తప్పు చేసిందన్నందుకు నోళ్ళు వెళ్ళబెట్టారు, తరవాత మొక్కలు పీకి చూశారు. హాజ్ ఖలఫ్ భార్య గులాబీ బుడిపె ఒకటి కొంగున కట్టుకెళ్ళి మొగుడి టీగ్లాసు పక్కన పెట్టింది. నబవియ్య గట్టు కింద నిలబడి అత్తగారినే చూస్తోంది. ఆవిడంటే ఇంత ప్రేమ ఉందని తనకే తెలియదు.

మరుసటి ఏడు విత్తనాల వేళకు ఆ ఊరి నుంచి పదమూడు ఇళ్ళు పొట్లాలు అడిగాయి. పదమూడో ఇల్లు హాజ్ ఖలఫ్‌ది. అడగడానికి సిగ్గుపడి జగ్లూల్‌ను పంపాడు, జగ్లూల్ లేచి కేంద్రం దాకా వెళ్ళి రావడమే ఊళ్ళో పెద్ద వార్త అయింది. గదికి తాళం పడలేదు. కొత్త పొట్లాల మీద డిగ్రీల పక్కన, పెద్ద అక్షరాలతో "ఇది తోడు, రొట్టె కాదు. చీకట్లో ఉంచండి" అని అచ్చయింది. దాని కింద రొట్టె బొమ్మ, బొమ్మ మీద అడ్డగీత. పెద్దాయన మొదట మొహం చిట్లించినా సంతకం పెట్టాడు.

విత్తే రోజు ఈసారి నబవియ్య సెలవు పెట్టి మరీ వచ్చింది. ఇంట్లో ఎవరూ కనిపించలేదు. గేదెల కొట్టం తలుపు తోస్తే, లోపల కిటికీకి గోనెసంచి కట్టి ఉంది. ఆ చీకట్లో ఫహీమా, చుట్టూ పన్నెండిళ్ళ ఆడవాళ్ళు, తట్టల నిండా నల్లటి గింజలు.

"ఎవరది? తలుపెయ్యి, వెలుతురొస్తోంది!" ముసలావిడ కసిరింది. తరవాత గుర్తుపట్టి, ఇంకా గట్టిగా కసిరింది. "నువ్వా! ఇన్నేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నావు, ఆ మాత్రం తెలీదటే?"

"తెలీలేదు అత్తమ్మా," అంది నబవియ్య. తలుపు వేసి, తడుముకుంటూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, గింజల తట్టలో చేయి పెట్టింది.