వానల గ్రహంలో నల్లా

ఉప్పుగూడలో మా గల్లీకి నీళ్లు వదిలే లైన్‌మన్ అన్న, పొడవాటి ఇనుప చావితో వాల్వు తిప్పాక, దాని కొసను చెవికి ఆనించి వినేవాడు. పైపులో నీళ్లు కదిలాయని తెలిశాకే నవ్వేవాడు.

ఒకరోజు అన్నకు, నేను రాస్తున్న కథలోని గ్రహం గురించి చెప్పాను. అక్కడ ఇద్దరు సూర్యులు, ఏడాదంతా వానలు, దాహమన్నదే లేదు.

"అయితే నల్లా వచ్చిందని పక్కింటోళ్లను ఎవ్వలు పిలువరా ఆడ?"

"జరూరతే లేదన్నా."

"గదేం గ్రహం తమ్మీ! ఈడ నేను గిట్ల తిప్పితే నాలుగు గల్లీలు బిందెలు పట్టుకొని ఉరుకుతయి."

చావిని భుజాన వేసుకొని, సిపాయిలా ఛాతీ విరుచుకొని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి నా కథలో వానలన్నీ కొట్టేశాను. చెవికి చావి ఆనించుకొని వినే మనిషి ఒకడు అక్కడ నిలబడ్డాకే ఆ గ్రహానికి ప్రాణం వచ్చింది.